కేబుల్‌కి కట్టిన ముడి

కార్లు బాగుచేసే వీధిలో చిట్టచివరి కొట్టు చిన్నల్లుడిది. అతణ్ణి చిన్నల్లుడు అనేది ఇంట్లోవాళ్ళే. వీధి మొత్తానికీ అతను బుగ్గి. "బ్యాటరీ దిగిపోతోందా? చివర్న బుగ్గి ఉన్నాడు, అక్కడికి పో" అని టైర్ల కొట్టాయన దారి చూపిస్తాడు. చూపించి ఊరుకుంటే బాగానే ఉండేది. "మంచి పనోడే. కొత్త కారైతే మాత్రం పక్కన నిలబడి చూసుకో" అని ఇంకో ముక్క తగిలిస్తాడు. ఆ ముక్క విన్న మనిషి వచ్చి, బానెట్ ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా చిన్నల్లుడి చేతులవంకే చూస్తూ నిలబడతాడు. దొంగని కాపలా కాసినట్టు చూస్తుంటే పని చేయడం ఎలా ఉంటుందో, చేసినవాడికే తెలుస్తుంది.

కొట్టు ఒక కారు పట్టేంత. వెనక రెండు గదుల ఇల్లు, వంటగది కిటికీ కొట్టులోకే తెరుచుకుంటుంది. పోపు వాసనా గ్రీజు వాసనా కలిసే ఉంటాయి. గోడకి స్పానర్లు, బల్ల మీద మీటరు, పైన అరలో ఏదో కారులోంచి తీసిన కంప్యూటర్ పెట్టె. మాడిపోయిన పెట్టె, ఒక మూల కరిగి నల్లబడి ఉంటుంది. రోజూ పొద్దున కొట్టు తెరవగానే అతను ముందు ఆ పెట్టె మీది దుమ్ము తుడుస్తాడు. భార్య పారేయమని చెప్పీ చెప్పీ విసిగిపోయింది.

అతని పద్ధతి ఒకటే, కొలవందే నమ్మడు. స్టార్టవని కారు వస్తే ముందు దాని జోలికి పోకుండా యజమానిని కబుర్లలో పెడతాడు. పొద్దున్నే మొరాయిస్తోందా, వాన పడ్డాకా, ఈమధ్య ఎవరైనా కొత్తగా పాటల పెట్టెలాంటివి బిగించారా అని అడుగుతాడు. తర్వాత హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పమంటాడు. లైట్లు చచ్చిపోతే జబ్బు బ్యాటరీలోనో దాని అతుకుల్లోనో ఉన్నట్టు. లైట్లు వెలుగుతూనే ఉండి టక్కుమని ఊరుకుంటే స్టార్టర్‌ని అనుమానించాలి. ఆ తర్వాతే మీటరు తీస్తాడు. ఇంజన్ ఆగి ఉంటే పన్నెండున్నర ఓల్టులు, నడుస్తుంటే పద్నాలుగు దరిదాపు చూపించాలి. రెండూ బాగుండి కూడా తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతోందంటే, అందరూ నిద్రపోయాక కారులో ఏదో ఒకటి మేలుకుని కరెంటు తాగుతున్నట్టు. అప్పుడు ఒక్కో ఫ్యూజూ పీకుతూ ఎక్కడ తాగుడు ఆగుతుందో చూస్తాడు. ఒకసారి తన ఫోన్లో వీడియో తీయడం మొదలుపెట్టి, దాన్ని డిక్కీలో పెట్టి మూత వేసి, లోపలి దీపం ఆరడం లేదని పట్టుకున్నాడు. ఆ కారుకి అంతకుముందు ఒకాయన కొత్త బ్యాటరీ అంటగట్టి పంపాడు.

ఆ ఒకాయన ఎవరో కాదు, అతని తోడల్లుడే.

వీధి మొదట్లో ఉన్న పెద్ద షెడ్డు మామగారిది. వీధికి పాత మేస్త్రీ ఆయన. ఇద్దరు కూతుళ్ళనీ తన దగ్గర పని నేర్చుకున్న ఇద్దరికే ఇచ్చాడు. పెద్దల్లుడికి మాట జాస్తి. ఏ కారు వచ్చినా "మార్చి చూద్దాం" అంటాడు. బ్యాటరీ మార్చి చూద్దాం, ఆల్టర్నేటర్ మార్చి చూద్దాం. బ్యాటరీని నింపేది ఆ ఆల్టర్నేటరే కాబట్టి రెండూ మార్చేస్తే జబ్బు ఎక్కడికి పోతుందని అతని ధీమా. చిన్నల్లుడికి నోరు తక్కువ. మీటరు చూసి అంకె చెప్పి ఊరుకునేవాడు. మామగారికి ఇద్దరూ కావాలి, కానీ నవ్వు మాత్రం పెద్దల్లుడి మాటలకే వచ్చేది.

పాతకాలపు బండ్లకి మేస్త్రీలందరూ చేసే పరీక్ష ఒకటుండేది. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ పీకేస్తారు. ఇంజన్ ఆగకపోతే ఆల్టర్నేటర్ మంచిదని లెక్క. అల్లుళ్ళిద్దరికీ అది నేర్పింది మామగారే. లోపల కంప్యూటర్లున్న కార్లు రావడం మొదలవగానే మానేయమన్నదీ ఆయనే. కరెంటుని కుదురుగా పట్టి ఉంచే బ్యాటరీ లేకపోతే అది ఎగదన్ని కంప్యూటర్ని కాల్చేస్తుంది. "నా షెడ్డులో ఇంజన్ నడుస్తుండగా ఎవడన్నా కేబుల్ ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా" అన్నాడు. చిన్నల్లుడు మానేశాడు. పెద్దల్లుడు ఎవరూ చూడనప్పుడు కానిచ్చేవాడు. ఎడమచేతివాటం మనిషి. పీకిన కేబుల్ జారి మళ్ళీ బ్యాటరీకి తగలకుండా గుడ్డ చుట్టి, ముడేసి పక్కకి వంచేవాడు. అందరూ వేసే ముడి ఒకవైపు తిరిగితే అతనిది రెండోవైపు తిరిగేది.

ఒకరోజు కొన్నవాళ్ళు ఇంకా సీట్ల కవర్లు కూడా విప్పని కారు ఒకటి షెడ్డులో మాడిపోయింది. వాసనకి మామగారు పరుగెత్తుకొచ్చేసరికి అల్లుళ్ళిద్దరూ కారు పక్కనే ఉన్నారు. కేబుల్‌కి గుడ్డ చుట్టి ఉంది. "ఎవడు పీకాడు?" అని అరిచాడు. పెద్దల్లుడు తల వంచుకుని, ఓరగా చిన్నల్లుడి వైపు చూశాడంతే. ఆ చూపు చాలింది.

"నేను కాదు మామయ్యా. ఆ ముడి చూడండి" అన్నాడు చిన్నల్లుడు.

మామగారు ముడి విప్పాడు కానీ చూడలేదు. ఆ గుడ్డని అతని మొహాన కొట్టి, నడివీధిలోకి నెట్టి, "బుగ్గి చేశాడు, నా పేరంతా బుగ్గి చేశాడు" అని అటూ ఇటూ కొట్లన్నీ వినేలా అరిచాడు. పేరు అలా అంటుకుంది. కాలిన పెట్టెని మాత్రం చిన్నల్లుడు తనతో తెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం భార్య ఒకే ఒక్క మాట అడిగింది. "నిజం చెప్పండి, మీరు కాదు కదా?" తర్వాత ఎన్నడూ అడగలేదు, భర్త పక్షానే నిలబడింది, పుట్టింటి గడప కూడా తొక్కడం మానేసింది. అయినా ఆ ఒక్క ప్రశ్న అతని గుండెలో ముల్లులా ఉండిపోయింది. వీధి అనుమానించినందుకు కోపం వచ్చింది. ఆమె చేత కూడా ఆ మాట అడిగించినందుకు తోడల్లుడి మీద పగ పట్టాడు. పగ అంటే కేకలూ కొట్లాటా కాదు. రోజూ పొద్దున పెట్టె తుడవడం, ఆ షెడ్డుకి వెళ్ళి ఇటు తిరిగొచ్చిన కార్లని విప్పి చూడడం. కొన్నిట్లో ఆల్టర్నేటర్ లోపలి ముక్కలు, ఇంజన్ నడుస్తుండగా కేబుల్ పీకితే మాడేవే, మాడి ఉండేవి. చూసి లోలోపల నవ్వుకునేవాడు. చెయ్యి మానలేదన్నమాట. మానని చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు దొరక్కపోదు.

దొరికింది. పెద్దల్లుడి సొంత కారు రోజూ పొద్దున్నే మొరాయించడం మొదలుపెట్టింది. బ్యాటరీ మార్చాడు, మళ్ళీ మార్చాడు, ఆల్టర్నేటర్ కూడా కొత్తది వేశాడు. అయినా ఊరందరికీ బ్యాటరీలు మార్చేవాడి కారుని నలుగురు తోసి స్టార్ట్ చేయాల్సి వస్తోంది, వీధి వీధంతా పళ్ళికిలిస్తోంది. చివరికి మామగారే పట్టుబట్టి కారెక్కి కూర్చున్నాడట. "కాల్చినోడే కావచ్చు. జబ్బు పట్టుకోవడంలో మాత్రం వాణ్ణి మించినోడు లేడు. పద" అన్నాడట.

కారు వచ్చి చివరి కొట్టు ముందు ఆగినప్పుడు కిటికీలోంచి భార్య చూసింది. తండ్రి బాగా ముసలివాడైపోయాడు. ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"ఏం తమ్ముడూ, బాగున్నావా?" అన్నాడు పెద్దల్లుడు, నిన్ననే కలిసి భోంచేసినట్టు.

"బాగున్నా అన్నయ్యా. నువ్వు సీట్లోనే ఉండి ఇంజన్ నడిపించు" అన్నాడు చిన్నల్లుడు.

అతను బానెట్ కింద దూరి ముందు ఆల్టర్నేటర్ మీదే కొలిచాడు. పదిహేను. తర్వాత బ్యాటరీ మీద కొలిచాడు. పన్నెండు కూడా లేదు. అంటే ఆల్టర్నేటర్ కరెంటు ఇస్తూనే ఉంది, దారిలో ఎక్కడో పోతోంది. రబ్బరు తొడుగు కాస్త లాగి చూశాడు. కరెంటు మోసుకెళ్ళే తీగ మొన మొత్తం ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంది. గరుకు కాగితంతో రుద్ది బిగిస్తే అయిపోయే పని. ఆ మాట అతని నాలుక చివరి దాకా వచ్చింది.

తొడుగు మళ్ళీ మూసేశాడు. అరలోని పెట్టె వంక చూసి, ఆల్టర్నేటర్ మీద బరువు పెరిగేలా లైట్లూ ఏసీ వేయమన్నాడు. బల్ల మీద గుడ్డ తీసి, చేతులు తుడుచుకుని, కారు అంచు మీద, బ్యాటరీకి ఎడమ పక్కన పెట్టాడు. అప్పుడు మామగారికి స్టూలు వేసి, మీటరు ఆయన చేతికే ఇచ్చాడు. "మీరే చూసి చెప్పండి మామయ్యా. నా మాట ఎందుకు?"

టైర్ల కొట్టాయనా, ఇంకో ఇద్దరూ తమాషా చూడ్డానికి చేరారు. పెద్దల్లుడు ఇంజన్ ఆపకుండానే దిగి వచ్చాడు.

"బ్యాటరీకి కరెంటు రావట్లేదురా" అన్నాడు మామగారు మీటరు చూసి.

"రాకపోవడం ఏంటి? కొత్త ఆల్టర్నేటర్. నా చేత్తో వేశా."

"మీటరు అలా చెప్తోంది మరి" అన్నాడు చిన్నల్లుడు. అందులో ఒక్క అబద్ధం లేదు.

టైర్ల కొట్టాయన సన్నగా నవ్వాడు. పెద్దల్లుడి మొహం ఎర్రబడింది. "కొత్తదని చెప్పి పాతది వేశానంటావా? నీ మీటరు గంగలో పారెయ్. ఆల్టర్నేటర్ మంచిదో కాదో ఇప్పుడే చూపిస్తా." అంటూనే ఎడమ చెయ్యి గుడ్డ అందుకుంది. బుర్ర కంటే చెయ్యి ముందు నడిచింది. పక్కన ఉన్న స్పానర్‌తో నట్టు వదులు చేసి, కేబుల్ పీకి, గుడ్డ చుట్టి, ముడేసి పక్కకి వంచేశాడు.

"ఒరేయ్" అన్నాడు మామగారు, అప్పటికే ఆలస్యమైంది. హెడ్‌లైట్లు తెల్లగా భగ్గుమని ఆరిపోయాయి. ఇంజన్ దగ్గి చచ్చిపోయింది. బానెట్ కిందనుంచి ఆ వాసన వచ్చింది. చిన్నల్లుడికి ఆ వాసన తెలుసు. అతనికి హాయిగా ఉంది. ఇన్నేళ్ళుగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టు ఉంది.

మామగారు మీటరు స్టూలు మీద పెట్టి లేచాడు. ముడి విప్పబోయి ఆగాడు. ఈసారి దాన్ని ఇటు తిప్పీ అటు తిప్పీ చూశాడు. రెండోవైపు తిరిగిన ముడి, ఆయన వేళ్ళకి కొత్త కాదు. ఒకసారి విప్పిందే. తలెత్తి పెద్దల్లుడి వైపు చూశాడు. పెద్దల్లుడు గుంపులోంచి దారి చేసుకుని వెళ్ళిపోయాడు. కారు అక్కడే ఉండిపోయింది.

చిన్నల్లుడు రబ్బరు తొడుగు లాగి, గరుకు కాగితంతో తీగ మొన రుద్ది, బిగించి చూపించాడు. "దీని జబ్బు ఇదే మామయ్యా. ఇంతే."

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"ఆ రోజు చెప్పా, మీరు వినలేదు. అందుకే ఇవాళ చెప్పలేదు."

ముసలాయన కళ్ళు తడయ్యాయి. గుడ్డని రెండు చేతుల్లో పట్టుకుని, "షెడ్డుకి వచ్చెయ్ నాయనా. తాళాలు నీకే ఇస్తా" అన్నాడు.

"నాకు కొట్టుంది మామయ్యా. ఇవ్వాలనుంటే నా పేరు నాకు ఇవ్వండి. బుగ్గి అని మీరే వీధి మధ్యలో నిలబడి పెట్టారు. మీరే తీసెయ్యండి. కొట్టు కొట్టుకీ వెళ్ళి చెప్పండి."

మామగారు ముడి విప్పకుండానే గుడ్డ పట్టుకుని రోడ్డెక్కాడు. టైర్ల కొట్టాయన ముందే పరుగున వెళ్ళి తన గుమ్మంలో నిలబడ్డాడు. ముసలాయన అక్కడ ఆగి, గుడ్డ చూపించి, ఏదో చెప్పాడు. పక్కనున్న రంగుల కొట్టుకి వెళ్ళాడు. అక్కడా చూపించాడు. ఎండ మాడ్చేస్తోంది. ఆయన నడక తూలుతోంది.

భార్య వంటగదిలోంచి వచ్చి భర్త పక్కన నిలబడింది.

"ఆ రోజు నేను అలా అడక్కుండా ఉండాల్సింది" అంది. అతను తలాడించాడు. ఆమె మళ్ళీ రోడ్డు వైపు చూసింది. "నాన్న పడిపోయేలా ఉన్నాడండీ. ఇక పిలవండి. అన్నం తిని వెళ్తాడు."

చిన్నల్లుడు గరుకు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అన్నం వడ్డించి ఉంచు" అన్నాడు. "ఎడమ పక్క కొట్లు ఇంకా మిగిలాయి."