డ్రైవర్ వెనక సీటు మనిషి

బస్సెక్కే ముందు భూమేశ్ దాని చుట్టూ ఒకసారి తిరిగేవాడు. టైర్లను బూటుకాలితో తన్ని చూసేవాడు. వెనక ఎర్ర దీపాలకు దుమ్ము పట్టి ఉంటే మెడలో తువ్వాలతో తుడిచేవాడు. ఆ తరువాత లోపలికొచ్చి సరిగ్గా డ్రైవర్ వెనక సీట్లో కూర్చుని, ముందుకు వంగి, "రాత్రి మంచిగ పన్నవా?" అని అడిగేవాడు. అందులో పలకరింపు ఏమీ లేదు. డ్రైవర్ ఏం చెప్పినా అతను మాట వినడు, నోటి వాసన చూస్తాడు.

అబుధాబి పక్కన బనియాస్ దగ్గరి పనివాళ్ల క్యాంపులో అతన్ని సీఐడీ భూమన్న అనేవాళ్లు. పక్క మంచం మురళీకి అతని మీద హాస్యాలాడటం ఒక పని. "పెండ్లినాడు మంజులక్కకు తాళి కట్టేముందు, ఇది బంగారమా ఇత్తడా అని కొరికి చూసిండట," అనేవాడు. అందరూ నవ్వేవారు. భూమేశ్ కూడా నవ్వేవాడు కానీ, నవ్వుతూనే మురళీ వైపు ఓ చూపు చూసేవాడు, ఈ మాట వీడికి ఎవరు చెప్పారా అని.

పుట్టుకతో వచ్చిన గుణం కాదది. మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చిన కొత్తలో అతను ఏ బండి ఆగితే ఆ బండి ఎక్కేవాడు. షట్టరింగ్ కార్పెంటర్‌గా పేరు తెచ్చుకుని, తమ్ముడు నరేశ్‌కు కూడా వీసా తీయించాడు. నరేశ్ అజ్మాన్‌లో ఉంటూ రోజూ ఒక వ్యాన్‌లో జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో గోదాము పనికి పోయేవాడు. రెండు వేల ఇరవై ఒకటి జనవరిలో ఒక పొద్దున, పొగమంచులో ఆ వ్యాన్ ఆగి ఉన్న లారీని వెనక నుంచి గుద్దింది. నరేశ్ పోయాడు. వ్యాన్ నడిపిన అబ్బులు, రాజోలు వైపు మనిషి, అతనూ పోయాడు.

ఆ లారీ నాలుగు ఇండికేటర్లూ కొడుతూనే ఉందని పోలీసులు చెప్పారు. భూమేశ్ మనసులో ఆ ఒక్క మాటే నాటుకుంది. అంత వెలుగు కళ్లముందు టకటకా కొడుతుంటే పోయి గుద్దాడంటే, అబ్బులు స్టీరింగ్ మీద నిద్రపోయాడన్నమాటే. ఇంకేముంటుంది? రాజోలు నుంచి అబ్బులు భార్య ఫోన్ చేసి, "అన్నయ్యా, మీ ఇంట్లోనూ ఇదే కష్టం కదా" అని ఏడవబోతే, భూమేశ్ మాట్లాడకుండా కట్ చేశాడు. ఇంటి దగ్గర తల్లి బాలవ్వ మాత్రం కొడుకు శవం వచ్చిన తరువాత ఒకే మాట అడిగింది. "డ్రైవర్ మొఖం చూసి ఎక్కలేదా వాడు? నువ్వన్న చూసుకోని ఎక్కు బిడ్డా."

అప్పటినుంచి చూసుకునే ఎక్కుతున్నాడు. అంతేకాదు, ఆ బస్సులో ఎక్కేవాళ్లలో సగం మంది అతను మాట ఇచ్చి ఊరి నుంచి రప్పించినవాళ్లు. వాళ్లలో ఎవరికేమైనా అయితే ఇంకో బాలవ్వకు తను జవాబు చెప్పాలి. ఈ భయంతో ఇద్దరు డ్రైవర్ల మీద ఫిర్యాదు చేశాడు. ఒకడు ఫోన్ చూస్తూ నడిపాడు, నిజమే. రెండోవాడు ఆవలించాడు, అంతే. ఇద్దరినీ ఆ బస్సు నుంచి తీసేశారు.

మూడోవాడు పీరా. రాయచోటి మనిషి. మదనపల్లె టమాటాలు లారీలో మద్రాసుకు తోలి తోలి నెరిసిన తల. చెవులదాకా మంకీ క్యాప్, సన్నటి మీసం. మొదటిరోజే భూమేశ్ ముందుకు వంగి వాసన చూడబోతే పీరా వెనక్కి తిరిగి, "ఏందన్నా, నా నోట్లో ఏమన్నా పోగొట్టుకున్యావా?" అన్నాడు. బస్సంతా గొల్లున నవ్వింది. భూమేశ్‌కు ఆ నవ్వు కంటే ఆ తెలివి నచ్చలేదు. తెలివైనవాడు దాచడం కూడా నేర్చుకుని ఉంటాడు.

డిసెంబర్ దాకా తప్పు దొరకలేదు. డిసెంబర్‌లో మంచు మొదలైంది.

అబుధాబి నుంచి దుబాయ్ వైపు పోయే రోడ్డు మీద, సమ్‌హా అనే ఊరు దాటాక, మంచు తెర దించినట్టు దిగుతుంది. అప్పటిదాకా ముందు కనిపించిన వీధి దీపాల వరస ఉన్నట్టుండి మాయమవుతుంది. ఎలక్ట్రానిక్ బోర్డుల మీద వేగం ఎనభై దాటొద్దని వెలుగుతుంది, ఆ బోర్డు కూడా నెత్తిమీదికొచ్చాకే కనిపిస్తుంది. అప్పుడు చాలామంది డ్రైవర్లు చేసేది ఒకటే. నాలుగు ఇండికేటర్లూ వేసుకుంటారు, ముందు బండి ఎర్ర దీపం చూసుకుంటూ దాని వెనకే పోతారు. క్యాంపు భాషలో దాన్ని తోక పట్టుకుని పోవడం అనేవాళ్లు. తోక వదలనివాడు మంచి డ్రైవర్.

పీరా తోక పట్టలేదు. ముందు లారీ దీపం కనబడగానే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, అది మాయమయ్యేదాకా వెనకబడ్డాడు. రేడియో ఆపాడు. చలి కొడుతున్నా పక్క కిటికీ అద్దం దించాడు. "ఎవురూ మాట్లాడద్దండబ్బా, రోడ్డు ఇనబడల్ల," అన్నాడు. అన్నిటికంటే మించి, ఆ నాలుగు ఇండికేటర్లు వేయలేదు.

"భాయ్, డబల్ ఇండికేటర్ ఎయ్యి," అన్నాడు భూమేశ్.

"అది ఆగినప్పుడన్నా. నడిచేటప్పుడు కాదు."

"అందరు ఏసుకుంటున్నరు గద!"

"అందురూ ఏస్కుంటాండారు. నేను ఎయ్యను."

మంచు పడితే పనివాళ్ల బస్సులు రోడ్డు మీద ఉండకూడదని రూలు. పీరా పాకుతూ పోయి, మొదట దొరికిన దారిలో కిందికి దిగి పెట్రోల్ బంక్‌లో ఆపాడు. సైటుకు ఆలస్యమైంది, ఫోర్‌మన్ అరిచాడు. మంచు పడినప్పుడల్లా ఇదే తంతు. మిగిలినవాళ్లకు ఆలస్యం బాధ. భూమేశ్‌కు ఆ వెలగని దీపాల బాధ. వెనక వచ్చేవాడికి మన బస్సు ఎట్లా కనబడాలి? ఎందుకు దాచుకుంటున్నాడు బండిని? ఎవరికి కనబడకూడదు ఇతను? ఒకవేళ లైసెన్సే దొంగదేమో. ఎక్కడైనా గుద్ది పారిపోయి వచ్చాడేమో. భార్య అక్తర్ బీతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు గొంతు తగ్గిస్తాడు, అది కూడా గుర్తు పెట్టుకున్నాడు.

ట్రాన్స్‌పోర్ట్ చూసే అఖీల్ హైదరాబాద్ వాడు. భూమేశ్ గదిలోకి రాగానే తల పట్టుకున్నాడు.

"ఫిర్ ఆగయా! ఇప్పుడు ఎవరయ్యా, పీరానా? అరే, ఆయన పెద్దమనిషి."

"పెద్దమనిషే సార్. మంచుల లైట్లు లేకుంట నడుపుతుండు. వెనకకెల్లి ఎవడన్న గుద్దితె శవాలు ఎవరు మోస్తరు? నేను ఒకసారి మోసిన."

ఆ మాట అఖీల్‌కు ఎక్కడ తగులుతుందో భూమేశ్‌కు తెలుసు. అఖీల్ బల్ల గోకి, "సరే. వేరే డ్రైవర్ రేపు రాత్రికి వస్తడు. ఎల్లుండి నుంచి పీరా యార్డులో బండ్లు కడుగుతడు. రేపొక్కరోజు ఆయనతోనే పో. ఖలాస్," అన్నాడు.

పీరాకు ఆ సాయంత్రమే తెలిసిపోయింది. మర్నాడు భూమేశ్ ఎక్కగానే, "రాన్నా, కూచో. ఈ పొద్దు కూడా బాగా నిద్రపోయినాలే," అన్నాడు. ఎత్తిపొడుపో మామూలు మాటో భూమేశ్‌కు అంతుబట్టలేదు.

ఆ పొద్దున మంచు ఎప్పటికంటే ముందే దిగింది. సమ్‌హా ఇంకా రానేలేదు. అద్దానికి అవతల తెల్లగోడ. పీరా నెమ్మది బండ్లు పోయే కుడిపక్క వరసలోకి వచ్చి, అంచు గీత చూసుకుంటూ, దిగే దారి కోసం వెతుకుతూ నడుపుతున్నాడు. బస్సులో ఎవరూ కదలడం లేదు. వెనక ఎక్కడో పెద్ద బండి ఇంజిన్ మోత వినబడింది. మోత పెరుగుతోంది. భూమేశ్ వెనక్కి తిరిగి చూశాడు. ఏమీ కనబడదు, మోత మాత్రం దగ్గరవుతోంది. నరేశ్ కూడా ఇట్లాగే ఏదో సీట్లో కూర్చుని ఉంటాడు. లేచాడు. పీరా భుజం మీదుగా చెయ్యి చాపి, డ్యాష్‌బోర్డు మీది ఎర్ర త్రికోణం బటన్ నొక్కేశాడు.

టక్ టక్ టక్ టక్.

"ఏయ్! తియ్ చెయ్యి!" పీరా అరిచాడు. అతను బటన్ అందుకునేలోపే వెనక బ్రేకుల కీచు. హారన్ చెవులు బద్దలు కొట్టింది. ఎడమ పక్క నుంచి ఒక ట్రెయిలర్ కొండలా ఊగుతూ దూసుకుపోయింది, పోతూ పోతూ వెనక బండ్లు చూసుకునే పక్క అద్దాన్ని పీకేసింది. ఆ కుదుపుకి భూమేశ్ ముందు కడ్డీ మీద పడ్డాడు. పీరా స్టీరింగ్ తిప్పలేదు, గట్టి బ్రేకు కూడా వేయలేదు. గీత వెంటే పోయి, దారి దొరికాక దిగి, పెట్రోల్ బంక్‌లో ఆపాడు. ఆపాక దిగి, అద్దం ఊడిన చోటు తడిమి చూశాడు.

ట్రెయిలర్ కూడా అక్కడికే వచ్చింది. దాన్నుంచి ఒక పఠాన్ దూకి పరుగెత్తుకొచ్చాడు. "ఖడా హై యా చల్ రహా హై?" అని అరిచాడు. ఆగి ఉన్నావా, నడుస్తున్నావా? ఉన్నట్టుండి ఇండికేటర్లు కొడితే బస్సు రోడ్డు మీద ఆగిపోయిందనుకున్నాడట. బ్రేకు ఇంకా గట్టిగా తొక్కితే ట్రెయిలర్ మెలిపడి బోల్తా కొడుతుందని పక్కకు కోశాడట. పక్క వరసలో ఇంకో బండి ఉంటే అందరి పనీ అయిపోయేదేనట.

మురళీ నోరు తెరవబోయాడు. పీరా చేత్తో ఆపాడు. "గలతీ మేరీ హై భాయ్. మాఫ్ కరో," అన్నాడు పఠాన్‌తో. తప్పు నాదే అని.

పఠాన్ తిట్టుకుంటూ పోయాక భూమేశ్ పీరా దగ్గరికి వచ్చాడు.

"నువ్వెందుకు మీదేసుకున్నవ్?"

"సీటు నాదన్నా. ఎవుని చెయ్యి అని రోడ్డు అడగదు."

"భాయ్, ఒక్కటి చెప్పు. ఆగిన లారీ లైట్లు కొడుతుంటె, వెనకకెల్లి వచ్చేటోనికి అది నడుస్తున్నట్టు కనబడుతదా?"

పీరాకు నరేశ్ సంగతి తెలియదు. మామూలుగా చెప్పాడు. "అన్ని బండ్లూ కొట్టుకుంటా పోతాంటే, ఆగిందేదో నడిచేదేదో ఎట్ల తెలుస్తాదన్నా? ముందు బండి పోతాందిలే అనుకోని యెనకే పోతాడు. మేలుకోనే పోతాడు పాపం."

భూమేశ్ బంక్ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. మేలుకునే. రెండేళ్లుగా అతను అబ్బులును కళ్లు మూసుకున్న మొహంతోనే చూస్తున్నాడు. ఇప్పుడు ఆ మొహం కళ్లు తెరిచింది, ముందున్న ఎర్రదీపాన్ని నమ్ముకుని చూస్తోంది. దానివైపు చూడటం భూమేశ్ వల్ల కాలేదు. మురళీ టీ తెచ్చి చేతిలో పెట్టి, మొదటిసారి ఏ హాస్యమూ ఆడకుండా పక్కన కూర్చున్నాడు.

ఇక మిగిలింది ఆ విరిగిన అద్దం. నిన్నటి ఫిర్యాదు, ఈరోజు అద్దం. యార్డు కూడా దక్కదు, పీరాను ఇంటికే పంపేస్తారు. సాయంత్రం బస్సు దిగగానే భూమేశ్ నేరుగా అఖీల్ గదికి పోయాడు.

"అద్దం నా వల్ల పోయింది సార్. బటన్ నేను నొక్కిన. పీరా భాయ్ చేసిందే రైటు. ఆయన్ని తీయొద్దు."

అఖీల్ కుర్చీలో వెనక్కి వాలి అతన్ని కిందినుంచి మీదికి చూశాడు. "నిన్న తీసెయ్యమన్నవ్. ఇయ్యాల ఉంచమంటున్నవ్. ఏమిచ్చిండయ్యా పీరా నీకు? లేకుంటే బెదిరించిండా?"

భూమేశ్‌కు ఆ చూపు బాగా తెలుసు. తను రోజూ డ్రైవర్లను చూసే చూపే అది. దానికి ఎదురు నిలబడితే నిజం కూడా ఎంత అబద్ధంలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"నన్ను నమ్మకు సార్. బస్సు నిండ మంది ఉన్నరు, పిలిచి అడుగు."

అఖీల్ నిజంగానే పిలిచాడు. మురళీని ఒక్కణ్ని, తరువాత ఇంకో ఇద్దరిని, వేరువేరుగా. భూమేశ్ బయట ఎండిన గడ్డి మీద నిలబడ్డాడు. అందరూ ఒకటే చెప్పారు. చివరికి అఖీల్ తలుపు దగ్గరికి వచ్చి, "పీరా ఉంటడు. అద్దం సంగతి నేను చూసుకుంట. కాని భూమేశ్, ఇంకోసారి నువ్వు ఈ గదిలకొస్తే బస్సు దిగేది డ్రైవర్ కాదు, నువ్వు. సమజైందా?" అన్నాడు.

బయట పీరా బస్సు మెట్టు మీద కూర్చుని రొట్టె తింటున్నాడు. కబురు ముందే అందినట్టుంది. భూమేశ్ ఎదురుగా నిలబడి, "రేపు గూడ మంచు పడుతదంటున్నరు," అన్నాడు.

"పడనీ."

"నేను వెనక సీట్లకు పోత భాయ్. నీకు ఇబ్బందుండది."

"ఎందుకు పోతావబ్బా? నేనేమన్నా దర్గాలో ఔలియానా, కండ్లు మూసుకోని నమ్మేదానికి? నాకూ నిద్దరొచ్చాది, నాకూ వయసు అయితాంది. యెనక ఒకడు మేలుకోనుంటే మంచిదే." పీరా రొట్టె తుంచి సగం అతని చేతిలో పెట్టాడు. "అనుమానపడు. ఎంతన్నా పడు. చెయ్యి మాత్రం జేబులో పెట్టుకో."