నడిచి చూసిన సముద్రం

రఘుపతికి దూరమంటే ఏమిటో తెలియదు. ఇంత వయసొచ్చినవాడికి దూరం తెలియకపోవడమేమిటని నవ్వుతారేమో గానీ, ఉన్నమాటే చెబుతున్నాను. ఇరవై ఎనిమిదేళ్లుగా సూరత్‌లో మరమగ్గాల మీద బతుకుతున్న మనిషి అతను. మరమగ్గాలను వాళ్లు సాంచాలంటారు. ఇటు ఆరు సాంచాలు, అటు ఆరు, మధ్యలో ఒక మనిషి పట్టేంత సందు. పన్నెండు గంటల షిఫ్టంతా ఆ సందులో ఈ కొస నుంచి ఆ కొసకు తిరగడమే పని. పోగు తెగిన చోట ఆగి ముడి వేయాలి, మళ్లీ నడవాలి. అలా నడిచీ నడిచీ అతనికి ఏ దూరమైనా దగ్గరే అయిపోయింది. సముద్రపు ఒడ్డు ఊరైన దమణ్‌లోని లాడ్జి మేనేజరు ఫోన్లో "సముద్రం కిలోమీటరున్నర ఉంటుంది, హాయిగా నడిచి వెళ్లిపోవచ్చు" అన్నాడు. ఆ మాటను ఇతను ఇంట్లో "గడప దిగితే సముద్రమే" అని చెప్పాడు. అబద్ధం చెబుతున్నానని అతనికి అనిపించలేదు కూడా.

కానీ ఆ మాట చెప్పింది భార్య ఊర్మిళకు. ఏడు నెలలుగా గది దాటని మనిషికి.

ఆ ఏడాది ఏప్రిల్లో, ఆ పాడు కరోనా రెండోసారి ఊరి మీద పడ్డప్పుడు, ఊర్మిళకు ఊపిరి అందకుండా పోయింది. సూరత్ శివారు వడోద్‌లో వాళ్లది రెండో అంతస్తు గది. అంబులెన్సు సందులోకి రాలేదు. ఎదురు గది రాజనర్సు మూతికి తువ్వాలు చుట్టుకుని, తనకంటుకుంటుందేమోనన్న ఆలోచన కూడా లేకుండా, ఆమెను వీపున మోసుకుని మెట్లు దిగాడు. పదకొండు రోజులు ఆస్పత్రిలో ఆక్సిజన్ మీద ఉంది. కింద గది ఐలమ్మ ఆ పదకొండు రోజులూ రఘుపతికీ, కూతురు హారతికీ అన్నం వండి మెట్ల మీద పెట్టి, గిన్నె మీద చెంచాతో కొట్టి పోయేది. ఊర్మిళ తిరిగి వచ్చింది. ఆ వార్డులో చాలామంది రాలేదు. అందుకే రఘుపతి ఎవరు పలకరించినా ముందు దండం పెట్టేవాడు. పాలవాడికీ పెట్టేవాడు, కరెంటు బిల్లు తెచ్చినవాడికీ పెట్టేవాడు.

ఊర్మిళ వచ్చింది గానీ సగమే వచ్చింది. నాలుగు మాటలు మాట్లాడి ఆగేది, ఊపిరి తీసుకుని మరో నాలుగు మాట్లాడేది. ఊపిరితిత్తులు బాగయ్యాయనీ, ఇక నడవాలనీ డాక్టరు చెప్పాడు. ఆమె నడవలేదు. నడుస్తుంటే మధ్యలో ఊపిరి ఆగిపోతుందని భయం. అక్టోబరులో కింద మైదానంలో తెలంగాణ ఆడవాళ్లంతా బతుకమ్మ ఆడుతుంటే, ఏటా ముందుండి పాట ఎత్తుకునే మనిషి, బాల్కనీలో కుర్చీ వేసుకుని కూర్చుంది. రఘుపతి గదిలోకి వెళ్లి గోడ వైపు తిరిగి ఏడ్చాడు.

డిసెంబరులో సేఠు పాత సాంచాలు తీసేసి కొత్తవి పెట్టిస్తూ, నాలుగు రోజులు కార్ఖానా బందన్నాడు. దీపావళికి తప్ప సెలవెరుగని రఘుపతికి దమణ్ ఆలోచన అప్పుడే పుట్టింది. చిన్న ఊరు, అంతా నడిచి చూడొచ్చని ఎవరో చెప్పారు. గడప దిగితే సముద్రమనేసరికి ఊర్మిళ కూడా ఒప్పుకుంది. మెట్ల మీద నాలుగుసార్లు కూర్చుని కిందికి దిగింది. ఉధనాలో ప్యాసింజరెక్కి వాపిలో దిగి, ఆటోలో దమణ్ చేరారు.

గుజరాత్‌లో మందు నిషేధం కాబట్టి అక్కడి నుంచి దమణ్ వచ్చేవాళ్లలో చాలామందిది వేరే దాహం. రఘుపతి లాడ్జిలో అడుగు పెడుతూనే సముద్రం ఎటని అడిగితే మేనేజరు అతన్ని పైకీ కిందికీ చూశాడు. తర్వాత వీధి చివరికి చెయ్యి చూపించి, బేకరీ, ఆపైన కోట, ఆపైన ఇంకొంచెం అన్నాడు.

ఊర్మిళ ఆ చెయ్యి వైపు చూసింది. వీధి చివర సముద్రం లేదు. ఇళ్లకు కట్టిన క్రిస్మస్ నక్షత్రాలు మాత్రం ఉన్నాయి.

"దగ్గరంటివి," అంది.

"దగ్గరనే. కిలోమీటరున్నర. అదేమంత..." అంటూనే రఘుపతికి తను చేసిన పని అర్థమైంది. మొహం నల్లబడింది. "ఆటో పిలుస్త. రెండు నిమిషాల్ల పోతం."

"వద్దు," అంది ఊర్మిళ. ఊపిరి తీసుకుంది. "ఆటోల పోయి... చూసుడేంది? నడిచే చూస్త." మళ్లీ ఆగింది. "గింత దూరం నడవకపోతే... ఇగ నేను ఆ గదిలనే... బతుకుత." తర్వాత గదిలోకి వెళ్లి మంచం మీద కూర్చుని గోడకు ఒరిగింది.

ఆమె చూడకుండా తామెవరూ చూడకూడదని రఘుపతి అప్పటికప్పుడు తీర్పు చెప్పేశాడు. హారతికి పంతొమ్మిదేళ్లు, సూరత్‌లో పుట్టి పెరిగిన పిల్ల, సముద్రం వాసన ముక్కుకు తగులుతుంటే ఆగడం కష్టమే. అయినా ఒప్పుకుంది.

ఆ సాయంత్రం బయల్దేరారు. ఊర్మిళ కూతురి భుజం పట్టుకుని ఒక్కో అడుగే వేస్తోంది. రఘుపతి మాత్రం ముందుకు ఇరవై అడుగులు వేసి, గిరుక్కున వెనక్కి తిరిగి, భార్య దగ్గరికి వచ్చి, మళ్లీ ముందుకు వెళ్తున్నాడు. వెళ్తాడు, వస్తాడు. వీధిలో జనం ఆగి చూస్తున్నారు.

"అరే బాపూ, గిది కార్ఖానా కాదు," అంది హారతి నవ్వాపుకోలేక. "సీదా నడువు జర. అందరు చూస్తున్నరు."

రఘుపతికి అంతవరకూ తను తిరుగుతున్న సంగతే తెలియదు. సిగ్గుపడి తిన్నగా నడవబోయాడు. పది అడుగులు వేశాడో లేదో కాళ్లు వాటంతటవే వెనక్కి తిరిగాయి.

"తిరగనీ," అంది ఊర్మిళ. "నాకు... గట్లనే మంచిగున్నది."

ఆమెకు నిజంగానే బాగుంది. భయం గుండెలోంచి గొంతు దాకా వచ్చేలోగా మొగుడు ఎదురుగా వచ్చేస్తున్నాడు. అతను వెళ్లి వచ్చేదాకా నడిస్తే చాలని మనసులో లెక్క పెట్టుకుంది. అలా బేకరీ దాకా నడిచింది. అక్కడ గోడ పట్టుకుని ఆగిపోయింది. బేకరీ ముసలావిడ గౌను సర్దుకుంటూ బయటికొచ్చి, ఎవరూ అడగకుండానే స్టూలు వేసి, మంచినీళ్లిచ్చి, ఉడుకుడుకు రొట్టె ఒకటి ఊర్మిళ చేతిలో పెట్టింది. డబ్బులిస్తే కోప్పడింది. రఘుపతి దండం పెట్టాడు. ఈసారి పెట్టాల్సిన మనిషికే పెట్టాడు.

రెండో రోజు పొద్దున అదే బేకరీ, మళ్లీ అదే స్టూలు. అక్కడి నుంచి ఆగుతూ ఆగుతూ కోట గోడ దాకా. గోడ నీడలో తువ్వాలు పరుచుకుని పన్నెండింటి దాకా కూర్చున్నారు. చేసే పనేం లేదు. రఘుపతికి పెళ్లయ్యాక పట్టపగలు పెళ్లాం పక్కన ఊరికే కూర్చోవడం ఇదే మొదలు. ఆమె పల్లీలు ఒలిచి ఇస్తుంటే తింటూ కూర్చున్నాడు. తను ఎంత అదృష్టవంతుడో గట్టిగా చెప్పాలనిపించింది, చెప్పేశాడు కూడా.

"నువ్వు బతికినవ్ ఊర్మిళా. నాకదే చాలు. సముద్రం చూడకున్నా ఏంగాదు. రేపు పొద్దుగాలనే ఇంటికి పోదాం."

"చూడకుండ ఎందుకు... పోతం?" అంది ఊర్మిళ. "రేపు చూస్త." ఒలిచిన పల్లీలు అతని చేతిలో పోసింది.

మూడో రోజు పది గంటలకు బయల్దేరారు. మధ్యాహ్నం తిరుగు ప్రయాణం, మళ్లీ రావడానికి కుదరదు. బేకరీ దగ్గర ఊర్మిళ ఆగలేదు. ముసలావిడ లోపలి నుంచి చెయ్యి ఊపింది. కోట దగ్గర ఒక్క నిమిషం ఆగి, మాస్కు కిందికి లాగి ఊపిరి తీసుకుని, హారతి భుజం వదిలేసింది. చేతులు ఊపుకుంటూ నడిచింది. రోడ్డు మలుపు తిరిగింది. ఉప్పుగాలి మొహాన కొట్టింది. సముద్రపు కట్ట గోడ కనిపించింది. రఘుపతి పక్కకు తప్పుకున్నాడు. గోడ దగ్గరికి ముందు ఆమెనే వెళ్లనిచ్చాడు.

ఊర్మిళ గోడ మీద రెండు చేతులూ ఆనించి అటు చూసింది.

నీళ్లు లేవు. అవతల కనుచూపు మేర నల్లటి బురద. ఒరిగి పడుకున్న పడవలు. బురదలో ఎండ్రకాయలు ఏరుకుంటున్న ఇద్దరు మనుషులు. ఎక్కడో ఆకాశం కింద సన్నటి తెల్లగీత, అది నీరో మంచో చెప్పడం కష్టం. పొద్దునే ఆటు వచ్చి సముద్రం దూరంగా వెళ్లిపోయింది. మూడు రోజులూ తనూ చూడకుండా, కూతుర్ని చూడనివ్వకుండా పట్టుబట్టిన పెద్దమనిషికి, అది ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో కనుక్కోవాలన్న ఆలోచనే రాలేదు. ఊళ్లో ఎవర్ని అడిగినా చెప్పేవాళ్లు.

"ఏదయ్యా సముద్రం?" అంది ఊర్మిళ.

రఘుపతి గోడ మీంచి వంగి అటూ ఇటూ వెతికాడు.

"ఏదంటున్న! గడప దిగితే సముద్రమంటివి, దిగితే బేకరీ ఉన్నది. బేకరీ దాటితే కోట ఉన్నది. మూడు దినాలు కాళ్లీడ్చుకుంట, పాణం అరచేతుల పెట్టుకుని నడిచొస్తే నీళ్లే లెవ్వు! నీకు షిఫ్టున్నట్టే దానికి గూడ షిఫ్టుంటదని ఒక్కల్నన్న అడిగినవా? ఆ మేనేజర్ను అడుగొద్దా? ఆ బేకరీ అవ్వను అడుగొద్దా? ఊరందరికి దండాలు పెడుతవు గని నోరు తెరిచి ఒక్క మాట అడుగవు! బిడ్డ మూడు దినాల సంది వాసన చూసుకుంట కూసున్నది, దాన్ని గూడ పోనియ్యకపోతివి! గీ బురద చూసేతందుకా నన్ను రైలెక్కించినవు? బురదైతే మన వడోద్‌ల లేదా, వానకాలం మన సందుల మోకాలు దాక ఉండదా..."

రఘుపతి మొదట తల వంచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా తలెత్తాడు. ఆమె మాట ఎక్కడా ఆగలేదు. ఏడు నెలలుగా ఆమె మాట మధ్యలో ఆగితే, మిగతా సగం కోసం అతను ఓపికగా ఎదురుచూస్తూ వచ్చాడు. ఇప్పుడు ఎదురుచూడాల్సిన పనే లేదు. మాట మీద మాట, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ వస్తూనే ఉన్నాయి. పక్కనున్న గుజరాతీ కుటుంబం జరిగి కూర్చుంది. హారతి రెండు చేతులతో నోరు మూసుకుని, కళ్లలో నీళ్లతో తల్లి వైపే చూస్తోంది. రఘుపతికి ఆ నల్లటి బురదకు సాష్టాంగపడాలనిపించింది.

"అమ్మా," అంది హారతి. "నువ్వు ఒక్కసారి గూడ ఆగలే."

ఊర్మిళ చప్పున ఆగింది. చెయ్యి గుండె మీద పెట్టుకుంది. ఊపిరి వస్తోంది, పోతోంది. మొగుడి మొహంలోకి చూసింది. అతను ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు, రెండూ కలిపి చేస్తున్నాడు.

"జర జరుగు," అని అతన్ని పక్కకు జరిపి గోడ మీద కూర్చుంది ఊర్మిళ. "నేనింక ఒడవగొట్టలే. ఇంక మస్తున్నయి తిట్లు."

మళ్లీ మొదలుపెట్టింది.