ఇది జాకెట్టు కాదు

2019. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాలకు ఎదురుగా, మూడో అంతస్తులో ఒక కోచింగ్ సెంటర్. పోటీ పరీక్షలకు నేనక్కడ లెక్కలు చెప్పేవాణ్ని. గదికి కిటికీలు తక్కువ, అభ్యర్థులు ఎక్కువ. అందుకని గంటకు రెండు జోకులైనా వెయ్యాలని నియమం పెట్టుకున్నాను. లెక్కలకంటే వాటికే పేరొచ్చింది.

ముందు బెంచీలో యాదమ్మ కూర్చునేది. నల్గొండ వైపు ఊరు. కొత్తపేటలో కిరాయి ఇంట్లో ఉంటూ జాకెట్లు కుట్టేది. దూరవిద్యలో డిగ్రీ చేసింది. "సూదిల దారం ఎక్కిద్దామంటె కండ్లు మసకలొస్తున్నయ్ సార్. ఇంకెన్నేండ్లు కుడ్త? గీ ఉద్యోగం కొడితే కుర్చీల కూసుంట" అనేది. వయోపరిమితి లెక్కన ఆ జూనియర్ అసిస్టెంట్ పరీక్షే ఆమెకు ఆఖరి అవకాశం.

ఆ రోజు సమాంతర రేఖల పాఠం. ఎప్పటికీ కలవని రెండు గీతల్ని ఒక అడ్డగీత కోస్తే జెడ్ అక్షరం లాంటి ఆకారం వస్తుంది. దాని రెండు మూలల్లోని కోణాలు సమానం. వీటినే ఆల్టర్నేట్ యాంగిల్స్ అంటారు. ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే. సమాంతర రేఖలకు బాణం గుర్తులు వెయ్యడం పద్ధతి. తొందరలో నేను వెయ్యలేదు.

"జెడ్ కనిపించిందా, జవాబు పెట్టెయ్యండి. ఆలోచించే టైముండదు" అన్నాను.

యాదమ్మ చెయ్యెత్తింది. "సార్, గా రెండు గీతలు సమాంతరమని ఎట్ల తెలుస్తది?"

"చూస్తే తెలియడం లేదా అమ్మా?"

"మేం చూసి నమ్మం సార్. పైన ఒకపారి, కింద ఒకపారి టేపు పెడ్తం. లేకుంటె బట్ట ఖరాబైతది."

"యాదమ్మా, ఇది జాకెట్టు కాదు, జామెట్రీ!"

గదంతా పగలబడి నవ్వింది. ఆమె కూడా కొంచెం నవ్వింది. నా జోకుల్లో అంత బాగా పేలింది మరొకటి లేదు. ఆ వారం ఇంకో రెండు బ్యాచ్‌ల్లోనూ వాడుకున్నాను. ఆ తర్వాత యాదమ్మ ప్రశ్నలేవీ అడగలేదు. అర్థమవుతోంది కాబోలనుకున్నాను.

ఫలితాలొచ్చాక ప్రశ్నపత్రం పట్టుకుని వచ్చింది. కటాఫ్‌కు ఒక్క మార్కు తక్కువ. ఒక బొమ్మ మీద వేలు పెట్టింది. రెండు గీతలు, అడ్డగీత, ఒక మూల అరవై ఐదు డిగ్రీలు, రెండో మూల ఎంతో చెప్పాలి. బాణాలు లేవు. సమాంతరమని ఎక్కడా రాసి లేదు. నాలుగో ఆప్షన్, 'ఇచ్చిన సమాచారం చాలదు'. కీలో అదే సరైన జవాబు.

"నాకు గదే అనుమానమొచ్చింది సార్. నాలుగోది పెట్టబోయిన. మళ్ల మీరన్నది యాదికొచ్చింది. ఇది జాకెట్టు గాదు గదా అని అరవై ఐదు పెట్టిన. కీల ఏమన్న తప్పుందా సార్?"

నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అడిగింది. 

"కీ కరెక్టే అమ్మా. ఆ రోజు మీరు అడిగిందీ కరెక్టే."

"గప్పుడే చెప్పకపోతిరి సార్" అని ప్రశ్నపత్రం మడిచి సంచిలో పెట్టుకుంది. మడతలు కూడా అంచుకు అంచు కలిపే పెట్టింది.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో చెబుతున్నాను. ఈ పాఠం రోజు బాణాలు లేకుండా రెండు గీతలు గీసి, చాక్‌పీసు పట్టుకుని నిలబడతాను. ఇవి సమాంతరమని ఎట్లా తెలుసని ఎవరో ఒకరు అడిగేదాకా అడ్డగీత గియ్యను. కొన్ని బ్యాచ్‌ల్లో చాలాసేపు పడుతుంది. అంతసేపూ జోకులు వెయ్యను.