మానుకున్న రెండో చీర

ఆ పొద్దున జడ వేసుకుందామని దువ్వెన ఎత్తితే నా కుడి చెయ్యి చెవి దాకా వచ్చి ఆగిపోయింది. రాత్రి చేతిమీద ఒత్తిగిలి పడుకున్నానేమో అనుకుని, కాస్త బామ్ రాసుకుని ఆసు ముందు కూర్చున్నాను.

మాది చిట్యాల దగ్గర పల్లె. మా ఆయన మగ్గం నేస్తాడు, నేను ఆసు పోస్తాను. చీర పోగుకు రంగులద్దే ముందు దాన్ని వరుస మేకుల మీద వేలసార్లు చేత్తో అటూ ఇటూ తిప్పి పరచాలి, అదే ఆసు. మిషన్ కొన్న ఇళ్ళూ ఉన్నాయి. మా ఇంట్లో మిషన్ని నేనే. పొద్దున ఒక చీర, తిన్నాక ఇంకో చీర.

బామ్‌తో తగ్గలేదు. నల్లగొండ దవాఖానలో ఎక్స్‌రే తీస్తే ఏమీ కనబడలేదు. ఎంఆర్‌ఐ తీయించారు.

"రొటేటర్ కఫ్‌లో పార్షియల్ టియర్ ఉందమ్మా, అంటే భుజం కండ కొంత తెగింది. ఇట్లనే చేసుకుంట పోతే పూర్తిగా తెగుతది. అప్పుడు సర్జరీ చేసినా చెయ్యి మునుపటి లెక్క లేస్తదని చెప్పలేను" అన్నాడు డాక్టరు. పని సగానికి తగ్గించాలి, మధ్యాహ్నాలు చేతికి రెస్టు, రోజూ ఫిజియోథెరపీ.

మా ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాడు. నాకంటే ముందు తనే మాటిచ్చాడు. "ఒక్క చీర సాలు సార్. ఉన్నదాంట్లనే ఎల్లదీస్తం."

ఆ మాటకు బస్సులో నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే. రాబడి సగమైంది. వారం వారం తెచ్చుకునే మాంసం కూర పండక్కీ పబ్బానికీ అన్నట్టయింది. ఎవరూ సణగలేదు. మధ్యాహ్నాలు మాత్రం ఎంత హాయిగా గడిచాయో! గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించే ఎక్సర్‌సైజు చేసేదాన్ని. చెయ్యి చెవి దాటి నడినెత్తికి అందింది.

అంతలో ఆడబిడ్డ కూతురి పెళ్ళి కుదిరింది. సారెకు బియ్యప్పిండి సకినాలు చెయ్యాలి. ఆడబిడ్డ మా ఇంటికొచ్చి నాకు బొట్టు పెట్టి పిలిచింది. చెయ్యి బాగాలేదు వదినే అన్నాను. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది.

"తమ్ముడే చెప్పిండు గద, మద్యాన్నాలు నీకు ఖాళీయేనని. సకినాలు సుట్టెతందుకు నిన్నే పిల్సుకపొమ్మన్నడు."

బొట్టు పెట్టించుకున్నాక రానంటే పెళ్ళింటికి అరిష్టమంటారు. వెళ్ళాను. సకినం చుట్టేటప్పుడు చెయ్యి గుడ్డకు ఆనదు, గాల్లోనే తిరుగుతుండాలి. పరిచిన గుడ్డలు నిండిన కొద్దీ ఇంకో గుడ్డ పరిచారు. ఆ పనంతా అయ్యేసరికి నా చెయ్యి నా చెవిని మళ్ళీ మరిచిపోయింది.

టియర్ పెరిగిందన్నాడు డాక్టరు. భుజం బిగుసుకుపోయే ఫ్రోజెన్ షోల్డర్ కూడా తోడైందట. పని తగ్గించలేదా అని కోప్పడ్డాడు. తగ్గించాను సార్ అన్నాను. మరి మధ్యాహ్నాలు ఏం చేశావన్నాడు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడమీది బొమ్మలు చూస్తున్నాడు. సకినాల సంగతి నేనే చెప్పాను.

"రెస్టు చేతికి చెప్పినమ్మా, ఆసుకు కాదు" అన్నాడు డాక్టరు.

బస్టాండులో అడిగేశాను. "నా మద్యాన్నం నువ్వెట్ల ఇస్తవు?"

"ఆసు కాదు గద అనుకున్న. ఆడోళ్ళు ముచ్చట పెట్టుకుంట సుట్టేటియే గద. గది గూడ పనేనా?"

కావాలని చేశాడంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నిజంగా అలాగే అనుకున్నాడు. కంచే చేను మేసినట్టయింది నాకు. కూర మానుకుని సంపాదించుకున్న పొద్దు, నన్నొక్క మాట అడగకుండా పంచిపెట్టాడు.

భుజంలో ఇంజెక్షన్ ఇచ్చారు. గోడ దగ్గర మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాను. సర్జరీ ఇప్పటికి తప్పింది. చెయ్యి నడినెత్తి దాకా వస్తోంది, జడకు ఇంకా చాలదు. పక్కింటామె వేసిపెడుతోంది. ఒకరోజు ఆయన తనే వేస్తానని చెయ్యి చాపాడు. దువ్వెన ఇవ్వలేదు. ఎప్పటికైనా ఇస్తానో లేదో నాకే తెలియదు.

నాలాంటివాళ్ళకు ఒక్కటే చెప్తాను. పని తగ్గించుకునే ముందు, మిగిలే పొద్దు ఎవరిదో ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి తేల్చుకోండి. డాక్టరు ముందు ఇచ్చిన మాట బస్సు దిగేదాకే ఉంటుంది. ఖాళీగా ఉన్నానని ఎవరితోనూ అనకండి. ఇప్పుడు మధ్యాహ్నం ఎవరు పిలిచినా నేను గోడ వైపు నుంచి తిరగను.

"పన్ల ఉన్న" అంటాను. మా ఆయన పిలిచినా అంతే.