సపోర్ట్ ఖానాలో నా నంబరు

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలుండేవి: ఓపెన్ సోర్స్ లోకాన్ని బాగు చేస్తుంది, ఆర్నెల్ల ప్రొబేషన్ కాగానే కంపెనీ నన్ను పర్మనెంట్ చేస్తుంది. మొదటిదాని వల్ల రెండోది ఊడేదాకా వచ్చింది. కొత్తగూడ చౌరస్తా దగ్గర మా ఆఫీసు. కస్టమర్ల ఫిర్యాదులు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ రోజుకోసారి చతికిలబడేది. దాని బదులు, ఎవరో పుణ్యాత్ములు రాసి, వాడుకోండి, దిద్దుకోండి అని అందరికీ వదిలేసినది పెడదామని మీటింగులో ఆవేశపడ్డాను. (ఆవేశపడ్డవాడికే పని అంటగడతారని అప్పటికి తెలియదు.)

అడ్డుపడింది కొనుగోళ్లు చూసే పెద్దాయన. ఆయన ఫారంలో ఖానాలన్నీ నిండనిదే ఆఫీసులోకి చీపురు కూడా రాదు. చాటుగా ఫారం తాత అనేవాళ్లం.

"ఏ కంపెనీది తమ్మీ?"

"కంపెనీ లేదు సార్, అందరూ కలిసి రాసింది."

"అందరంటే ఎవరు? రేపు బందైతే ఎవరికి ఫోన్ చెయ్యాలె, ఎవరిని తిట్టాలె?"

వెబ్‌సైట్‌లో అడిగితే ఎక్కడెక్కడివాళ్లో జవాబిస్తారని చెప్పాను. "పైసలియ్యకుంటె ఎవడన్న ఎందుకు జవాబిస్తడు?" అంటూ ఫారం నా ముందుకు తోశాడు. సపోర్ట్ ఫోన్ నంబర్ అన్న ఖానా ఒక్కటే ఖాళీ. ఉక్రోషంతో నా సెల్ నంబరు రాసేశాను. "ఇగ ఫికర్ లేదు" అని ఆయన హాయిగా ముద్ర వేశాడు.

ఫికరంతా నాకొచ్చింది. ఆ నంబరు ప్రతి మానిటర్ మీదా అంటించారు. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా నాకే ఫోన్, ఏసీ నీళ్లు కారినా నాకే. పక్క సీటాయన సైతం తల తిప్పకుండా ఫోన్ చేసి "సపోర్టేనా అండీ?" అనేవాడు. పుప్పాలగూడలో మా ఇంట్లో అన్నం ముందు కూర్చుని కూడా ఫోన్లెత్తుతున్న నన్ను చూసి మా అమ్మ, "ఏంది బిడ్డా, గంత పెద్ద ఆఫీసుల నువ్వొక్కనివే ఉన్నవా?" అని బాధపడేది.

సరిగ్గా నా కన్ఫర్మేషన్, అంటే పర్మనెంట్ సంగతి, తేలాల్సిన రోజే నేను పెట్టించిన సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు. వెబ్‌సైట్‌లో కాళ్లావేళ్లా పడి రాశాను. ఏ దేశస్థుడో జవాబిచ్చాడు: దీన్ని చూసేది తానొక్కడేనట, పగలు వేరే ఉద్యోగమట, ఆదివారం చూస్తాడట. చదివి నీరుగారిపోయాను. నేను గొప్పగా చెప్పిన ఆ అందరూ ఈయనొక్కడేనన్నమాట. అయినా, ఏ ఫైలు విప్పి చూడాలో చివర్లో ఒక్క ముక్క రాశాడు. దాన్ని పట్టుకుని సాయంత్రానికి ఒడ్డున పడ్డాను. పర్మనెంట్ కూడా అయ్యాను. నా ప్రతిభ చూసి కాదు. "గా పోరన్ని తీసేస్తే సపోర్ట్ ఖానా ఖాళైతది" అని ఫారం తాత అడ్డం తిరిగాడట.

తర్వాత మూడు కంపెనీలు మారాను, తల నెరిసింది. మొన్న మీటింగులో ఉండగా ఫోన్. "సపోర్టేనా అండీ? మానిటర్ మీద మీ నంబరే ఉందండీ. ఫిర్యాదుల సాఫ్ట్‌వేర్ తెరుచుకోవట్లేదండీ. ఇవాళ బాగవకపోతే నా కన్ఫర్మేషన్ ఆపేస్తారండీ." మా పాత ఆఫీసు! నేను మానేసి ఏళ్లయిందని చెప్పాలి. చెప్పలేకపోయాను.

"పగలు ఉద్యోగం ఉందమ్మా, ఆదివారం చూస్తాను" అన్నాను. ఆ మాట ఎక్కడిదో నాకే గుర్తొచ్చి నవ్వూ, ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఆదివారమా అండీ?" అంది అవతల ఆ పిల్ల.

"సరే, ముందు నేను చెప్పే ఫైలు తెరువు" అని, మీటింగులోంచి లేచి బయటికొచ్చాను.