కప్పు విప్పిన ఇంట్లో మా బుద్రి అత్త

మా చిన్నప్పుడు మే నెల ఆఖరులో ఒక పొద్దున, ఊరంతా కలిసి మా బుద్రి అత్త ఇంటి కప్పు విప్పేశారు...

విప్పింది కొత్త గడ్డి వేయడానికే. అనంతగిరి పైన మా కొండ ఊరు పదిహేడు గడపలు. వానలకు ముందు రోజుకొక ఇంటికి అందరూ వెళ్ళి కప్పేవాళ్ళు. కూలి లేదు, ఆ ఇంటివాళ్ళు చోడి అంబలి, అదే రాగి జావ, పోస్తే చాలు. ఒక్కరే కప్పుకోవడం ఎవరివల్లా అయ్యే పని కాదు. అత్త మా అయ్యకి అప్ప, అంటే అక్క. మొగుడు పోయాడు, ఆరేళ్ళ కూతురు చిలక ఉంది.

పాత గడ్డి దించడం అయ్యేసరికి కబురొచ్చింది... ఊళ్ళో మూడో పిల్లకి కూడా తట్టు పోసిందని. ఊరి పెద్ద నాయుడు తాత పని ఆపించాడు. అమ్మవారి పండగకి గడపకొక కోడి ఇవ్వడం మా ఊరి ఆచారం. బాప్తిస్మం తీసుకున్న ఐదు ఇళ్ళు, మాదీ అత్తదీ కలిపి, రెండేళ్ళుగా ఇవ్వడం మానేశాయి. అందుకే అమ్మవారికి కోపమొచ్చిందని అందరూ అనుకున్నారు. తాత చెడ్డవాడు కాదు. ఆ మూడో పిల్ల ఆయన మనవరాలే.

"కోడి ఇచ్చిన ఇంటికే ఊరొస్తాది. ఇవ్వకపోతే కప్పూ నేదు, నాట్లూ నేవు" అన్నాడు.

సాయంత్రానికి నాలుగిళ్ళు ఇచ్చేశాయి. అందులో మాదీ ఒకటి. మా అయ్య కోడిని కాళ్ళు పట్టుకుని తలకిందులుగా మోసుకెళ్ళాడు, నా వైపు చూడకుండా.

అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకి వచ్చాను. సంతలో పంచే దేవుడి కరపత్రాలు ఒక్కటి వదలకుండా చదివేదాన్ని... ప్రాణం పోతుందన్నా విశ్వాసం విడవని వాళ్ళ కథలన్నీ నోటికొచ్చు. అయ్య తిరిగి రాగానే గుమ్మంలోనే ఆపి "నీకు సిగ్గు నేదా?" అని అడిగాను. ఆయన కొట్టలేదు. "గుంటకి నోరెక్కువైపోనాది" అని పక్కకి తప్పుకున్నాడు.

అత్త మాత్రం ఇవ్వలేదు. ప్రసంగాలేమీ చేయలేదు. "నానివ్వను" అని ఒక్క మాట చెప్పి, ఒట్టి వాసాల కింద పొయ్యి వెలిగించుకుంది.

మూడు రోజులు గడిచాయి. నాలుగో సాయంత్రం టైడా వైపు నుంచి మబ్బు ఎక్కి వచ్చి జల్లు పడింది. అత్త చిలకని ఒళ్ళో పెట్టుకుని, నెత్తి మీద చేట అడ్డం పట్టుకుని కూర్చుంది. పిల్ల దగ్గుతోంది... అది చూశాక నాకు ఏ కరపత్రమూ గుర్తు రాలేదు. భయం వేసింది. ఇంటికి పరుగెత్తి, మా గంపలోంచి ఒక పెట్టని తీసుకెళ్ళి నాయుడు తాత చేతిలో పెట్టాను.

"అత్త పంపింది" అన్నాను.

మర్నాడు పొద్దున్నే ఊరు తాళ్ళతో, కొడవళ్ళతో దిగింది. అత్త ముందే కోసి పేర్చుకున్న గడ్డి మోపులు విప్పారు. ఇద్దరు వాసాలెక్కి కూర్చున్నారు. అత్త ఊట నుంచి నీళ్ళకుండతో వచ్చి ఆగిపోయింది.

"ఏటి మావా ఇది?"

"ఏటేటే? నీ కోడి అందినాది కదా. బేగి అంబలి కాయు, ఆకలేత్తంది" అన్నాడు నాయుడు తాత.

అత్త నా వైపు చూసింది. ఒక్క పూట మాట్లాడకుండా ఉంటే చాలు, ఇల్లు కప్పేసేవాళ్ళు. ఆ అబద్ధం ఆవిడ ఆడింది కూడా కాదు... కుండ కిందికి దించింది.

"నాను పంపనేదు. అది నా కోడి కాదు. దిగిపోండి నాయనా."

వాసం మీద ఉన్నతను విసుక్కున్నాడు. "ఒలమ్మా, నోరు మూసుకుంటే నీ సొమ్మేటి పోద్దే? మీ దేవుడికేటి తెలుస్తాది?"

"నా కోడి వచ్చిందో నేదో మీ అమ్మోరికి తెలిసిపోద్దని ఊరంతా ఒణుకుతన్నారు. నా దేవుడొక్కడే గుడ్డోడేటి?"

ఎవరో కిసుక్కుమన్నారు. నాయుడు తాత నవ్వలేదు. "పిల్లలకేటైనా అయితే?" అన్నాడు మెల్లగా.

"పిల్లలకి నీళ్ళు మోత్తాను మావా. పక్కన కూకుని ఇసురుతాను. అదడుగు, సేత్తాను. కోడి అడక్కు."

ఆయన దిగమని చేయి ఊపాడు. వాసాల మీద ఇద్దరూ దిగారు. తాళ్ళు చుట్టుకుని అందరూ వెళ్ళిపోయారు.

నన్ను తిడుతుందనుకున్నాను. "నీ కాగితాల్లో ఇలగే రాసుందేటే?" అంది, అంతే. నేను ఏడుపందుకున్నాను. "ఏడుపు తరవాత. గడ్డి అందించు" అంది.

ఆవిడ పైన, నేను కింద. నేను విసిరిన గడ్డి సగం నా నెత్తి మీదే పడేది. మధ్యాహ్నానికి ఒక మూల కూడా కాలేదు. అప్పుడొచ్చాడు మా అయ్య. ఊరంతా చూస్తుండగా పంచె ఎగ్గట్టి నిచ్చెన ఎక్కాడు.

"జరుగప్పా" అన్నాడు.

అత్త జరిగింది...

దాంతో మాకూ ఊరి సాయం తప్పింది. ఆ ఏడు మా చోడి నాట్లకి ఎవరూ రాలేదు. మేమే నాటుకున్నాం, పంట సగమే వచ్చింది. ముగ్గురం కప్పిన కప్పు వానాకాలమంతా కారుతూనే ఉంది. నాయుడు తాత మనవరాలికి అత్తే నీళ్ళు మోసింది, ఆయన వద్దనలేదు. తట్టు పోసిన పిల్లలు ముగ్గురూ లేచి తిరిగారు. అమ్మవారి దయ అన్నారు వాళ్ళు. ప్రభువు దయ అంది అత్త.

ఇప్పుడు మా ఊళ్ళో అన్నీ స్లాబు ఇళ్ళే. ప్రార్థన మందిరానికి మైకు సెట్టు కూడా వచ్చింది, ఆదివారం మా భక్తి పక్క కొండకి వినబడుతుంది. నమ్ముకున్నందుకు ఎవరికీ ఏమీ పోదు. మంచిదే... కానీ ధైర్యం గురించి సాక్ష్యం చెప్పమని మైకు చేతికిచ్చినప్పుడల్లా నాకు కోపమొస్తుంది, నా మీదే. ఊళ్ళో దాని గురించి అంత చదివింది నేనొక్కదాన్నే. దేవుడి పేరు చెప్పుకుంటూ అబద్ధం మోసుకెళ్ళిందీ నేనే.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. ఊరంతా తల వంచిన రోజున వంచని మనిషి మీ ఊళ్ళోనూ ఒకరుండే ఉంటారు... ఉంటే ఇక్కడ చెప్పండి, పేరుతో సహా. మా అత్తలాంటి వాళ్ళకి తమ పేరు రాసుకోవడం కూడా రాదు.