భాగ్యవతి పదకొండో పాఠం

మైలవరంలో పుట్టి, పద్దెనిమిదో ఏట నూజివీడు కోడలిగా వచ్చిన భాగ్యవతి, ఆ తరువాతి పన్నెండేళ్ళలో మా ఊరి బజారును ఎన్నిసార్లు చూసిందో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆమె అత్తవారిది మామిడికాయల వ్యాపారం. వీధివైపు దుకాణం, దాని వెనుక కాయలు మగ్గబెట్టే కొట్టు, కొట్టు వెనుక వాకిలి, ఆ వాకిలి చుట్టూ వాళ్ళు కాపురముండే గదులు. వీధిలోకి రావాలంటే కొట్టును, దుకాణాన్ని దాటాలి. ఆ రెండింటిలోనూ పొద్దుట నుంచి దీపాలు పెట్టేదాకా మగవాళ్ళే. అందుచేత ఆ ఇంటి ఆడవాళ్ళు అటు వెళ్ళరు. ఎవరూ తలుపు మూయలేదు, ఎవరూ వద్దనలేదు. ఎప్పటినుంచో అలా జరిగిపోతోందంతే. వెనుక సందులోకి ఒక చిన్న తలుపు ఉండేది. పాలవాడూ చాకలీ ఇరుగుపొరుగూ అందులోంచే వచ్చేవాళ్ళం. రావడానికి మాకు కారణం అక్కరలేదు; వెళ్ళడానికి ఆమెకు కావాలి.

ఆమె కూతురు ఉమ ఆరో తరగతిలో నా దగ్గర చదివేది. ఒకరోజు ఆ పిల్ల పుస్తకం అట్ట మీద ఒక మందారపువ్వు బొమ్మ కనిపించింది. రేకు అంచు కాస్త వాడి ముడుచుకుపోవడం కూడా అందులో తప్పిపోలేదు.

"ఇది నువ్వు గీసింది కాదు. ఎవరు గీశారు?" అన్నాను.

"మా అమ్మండీ. తిడతారా టీచర్?"

తిట్టలేదు. ఆ సాయంత్రమే వెనుక సందులోంచి వాళ్ళింటికి వెళ్ళాను.

అది 1985వ సంవత్సరం, జూన్ నెల. మద్రాసులోని ఒక సంస్థ పోస్టు ద్వారా చిత్రలేఖనం నేర్పుతున్నదని వారపత్రికలో ప్రకటన చూసి, భాగ్యవతి అప్పటికే దానిని కత్తిరించి బియ్యం డబ్బాలో దాచుకున్నది. నెలకొక పాఠం, మొత్తం పన్నెండు. గీసినవి పంపితే అక్కడి ఉపాధ్యాయుడు ఎర్ర పెన్సిలుతో దిద్ది తిప్పి పంపుతాడు. వీటితోపాటు రోజుకొక బొమ్మ చొప్పున ఒక పుస్తకం నింపాలి. బొమ్మ కింద తేదీ, ఒకటి రెండు వాక్యాలు. పుస్తకమే పన్నెండో పాఠం. ఒక్క పాఠం తప్పినా సర్టిఫికెట్ ఇవ్వరు.

మా పాఠశాలలో డ్రాయింగు చెప్పేవారు లేక రెండేళ్ళయింది. వారానికి రెండు మధ్యాహ్నాల పని. వచ్చే ఏడు జులై నెలాఖరులోగా సర్టిఫికెట్ తెస్తే ఆమెను తీసుకుంటామని మా ప్రధానోపాధ్యాయిని మాట ఇచ్చారు. ఆ మాట నేనే మోసుకువెళ్ళి ఆమె మామగారు శేషగిరిరావుగారికి చెప్పాను.

"రెండు పూటలేగా టీచరుగారూ. ఆడపిల్లల బడేగా. సర్టిఫికెట్ తెచ్చుకోనివ్వండి, నేనే పంపిస్తాను" అన్నారు.

బజారులో ఆయన మాటకు తిరుగు లేదు. కాబట్టి ఆనాటినుంచి భాగ్యవతికి ఆ ఇంట్లోంచి బయటికి పోయే దారి ఒక్కటే: పన్నెండు పాఠాల పొడవున్న దారి.

ఆమె పుస్తకాన్ని నేను శనివారాలు చూసేదాన్ని. మొదట రోలు, రోకలి, పాలగిన్నె, గొళ్ళెం. తరువాత పచ్చడి జాడీ: "మూతకు గుడ్డ కట్టడం పదేళ్ళుగా చేస్తున్నాను. ఆ ముడి ఎటు తిరుగుతుందో ఈరోజే చూశాను." ఒక పేజీలో అత్తగారు తులసమ్మగారి పాదం: "ఆవిడ నిద్రపోతున్నారు. లేచేలోపల నాలుగు వేళ్ళే అయ్యాయి." దసరా దాటేసరికి ఇంట్లో గీయనిది మిగలలేదు. రోలును మళ్ళీ గీసింది, ఈసారి తలకిందులుగా. గొళ్ళేన్ని వేసినప్పుడొకసారి, తీసినప్పుడొకసారి గీసింది. జనవరిలో మద్రాసు నుంచి ఎర్ర పెన్సిలు మాట ఒకటి వచ్చింది: "మీ గీత బాగున్నది. కాని నూట తొంభై బొమ్మలలో ఒక్కదానిలోనూ ఆకాశం లేదు."

తులసమ్మగారు ఆ మాట విని నవ్వారు. "ఆకాశం గీయడానికేముందే? పైన కాస్త ఖాళీ వదిలెయ్, సరిపోతుంది."

భాగ్యవతి నవ్వలేదు.

పదకొండో పాఠం ఏప్రిల్ మొదటి వారంలో వచ్చింది. ఒక చెట్టును మొదలు నుంచి చివరిదాకా గీయాలి. దాని ఎదుట నిలబడి చూస్తూ గీయాలి, జ్ఞాపకంతో కాదు, ఫొటో పెట్టుకుని కాదు. ఆ ఇంటి వాకిట్లో తులసికోట తప్ప పచ్చనిది లేదు.

అయితే సంవత్సరానికొకసారి ఆ ఇంటి ఆడవాళ్ళు తోటకు వెళ్ళే రోజు ఒకటి ఉన్నది. శేషగిరిరావుగారు మైలవరం దారిలో ఒక రైతు తోటను ఏటా పూత మీద గుత్తకు తీసుకునేవారు. ఉగాది దాటిన మొదటి ఆదివారం ఇంటి కోడలు వెళ్ళి, తోటలోని పెద్ద చెట్టుకు పసుపుకుంకాలు పెట్టి, కొబ్బరికాయ కొట్టించి రావాలి. ఆ ఏడు అది ఏప్రిల్ పదమూడు. చెట్టు చిన్నరసం, నిండా పిందెలతో ఉన్నది. కొబ్బరికాయ కొట్టిన తరువాత, మగవాళ్ళు కాపలా గుడిసె దగ్గర ఫలహారం చేస్తుండగా, భాగ్యవతి సంచిలోంచి అట్ట, కాగితం తీసింది.

మద్రాసు వాళ్ళు మొదటి పాఠంలోనే నేర్పిన పద్ధతి ఒకటున్నది. చేతిని బారుగా చాచి, పెన్సిలును నిలువుగా పట్టుకుని, ఒక కన్ను మూసి, కొమ్మ ఎంత పొడవో, కాయ ఎంత దిగువనో కొలుచుకోవాలి. ఇంట్లో రోలునూ గిన్నెనూ ఆమె అలాగే కొలిచింది. ఇక మా ప్రాంతంలో పుట్టిన పసిపిల్లకైనా తెలిసిన సంగతి మరొకటున్నది. చెట్టు మీది పిందెను వేలు చాచి సూటిగా చూపించకూడదు; చూపిస్తే రాలిపోతుంది. చూపించక తప్పనప్పుడు వేలు మడిచి కణుపుతో చూపించాలి. భాగ్యవతికి అది తెలియక కాదు. పెన్సిలు పట్టుకున్న చెయ్యి తన చెయ్యేనని ఆ కాసేపూ మరిచిపోయింది.

మొదలు, ఎడమవైపు కొమ్మ, దాని రెమ్మలు, గుత్తులు గుత్తులుగా పిందెలు పూర్తయ్యాయి. కుడివైపు కొమ్మను కొలవడానికి చెయ్యి చాచేసరికి కాపలాదారు నరసింహులు పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మగారూ! వేలు మడవండి! వేలు మడవండి!"

"వేలు కాదు నరసింహులూ, పెన్సిలు."

"పెన్సిలైతే ఇంకా సూటిగా ఉంటదండీ!"

కూలీలు గుమిగూడారు. గుడిసె దగ్గర ఆకులు వదిలేసి అందరూ లేచారు. బొమ్మ అక్కడే ఆగిపోయింది.

మూడో రోజు సాయంకాలం గాలిదుమారం వచ్చింది. ఏప్రిల్‌లో రాని ఏడు అరుదు. కాని ఆ ఏటి గాలికి ఒక కారణం ముందుగానే దొరికి ఉన్నది. మర్నాడు బండ్ల నిండా రాలిన పిందెలు వాకిట్లో కుప్పపోశారు. ఆడవాళ్ళంతా కత్తిపీటలు ముందేసుకుని, ఒరుగులకని ముక్కలు కోయడానికి కూర్చున్నారు. నేను వెళ్ళేసరికి భాగ్యవతి చేతులు సొన తగిలి పొక్కి ఉన్నాయి.

"ఒక కన్ను మూసి మరీ చూసిందంటండీ, పిట్టల్ని కొట్టేవాడిలాగ" అన్నారు తులసమ్మగారు నాతో. కోడలు రెండడుగుల దూరంలోనే ఉన్నది. "రెండు కళ్ళతో చూసుంటే ఇంకా ఏం రాలిపోయేదో!"

శేషగిరిరావుగారు కేకలు వేయలేదు. కేకలు వేస్తే ఎదురు చెప్పడానికైనా వీలుండేది.

"నేను దిష్టి నమ్మనమ్మా" అన్నారు కోడలితో. "నా కూలీలు నమ్ముతారు. మీ కోడలు తోటకొస్తే మేం కోతకు రామంటే, ఈ వయసులో నన్ను చెట్టెక్కమంటావా? కాయ దిగేదాకా తోట వైపు వద్దు. ఇంట్లో ఏం గీసుకుంటావో గీసుకో, ఎవరొద్దన్నారు?"

భర్త పాండురంగారావు కాయల లారీలతో ఊళ్ళు తిరిగే మనిషి. ఇంటికి వచ్చిన రోజున ఆమె అడిగితే, "నాన్నగారు చెప్పారుగా. ఆయనేమన్నా తప్పుగా చెప్పారా?" అన్నాడు. నిజమే, తప్పుగా చెప్పలేదు. ఆ ఇంట్లో ఎవరి మాటలోనూ తప్పు పట్టుకోవడానికి వీలుండేది కాదు. మే నెలంతా పన్నెండో పాఠం పుస్తకంలో ముక్కలు కోసే చేతులే ఉన్నాయి, తొడిమలే ఉన్నాయి. ఒక పేజీలో ఏమీ లేదు. కింద మాత్రం వాక్యం ఉన్నది: "ఈరోజు చూసినవన్నీ నిన్న చూసినవే."

జూన్ రెండో వారంలో కాయ అయిపోయింది. అప్పుడు మరొక చిక్కు బయటపడింది. గుత్త కాయకే కాని చెట్టుకు కాదు. చివరి కాయ దిగి, కాపలా గుడిసె విప్పిన నాటినుంచి తోట మళ్ళీ రైతుది. గుత్తదారుకు అందులో అడుగుపెట్టే హక్కు ఉండదు. కాయ ఉన్నన్నాళ్ళూ ఆమె వెళ్ళకూడదు. కాయ లేనప్పుడు వెళ్ళడానికి వాళ్ళకు తోటే లేదు. గుడిసె విప్పేది జూన్ పదిహేడున అని తోటలో పనిచేసే కనకమ్మ వచ్చి చెప్పింది. ఆ రాత్రి భాగ్యవతి మామగారికి అన్నం వడ్డిస్తూ అడిగిందట.

"ఇప్పుడు చెట్టు మీద కాయ లేదు కదా మామయ్యగారూ. సూటిగా చూపించినా రాలడానికేముంది?"

ఆయన ముద్ద చేత్తో పట్టుకునే నవ్వారు. "బేరం బాగానే చేశావమ్మా. ఒక్క గంట. కనకమ్మను తోడు తీసుకెళ్ళు."

గంట దొరికింది, చెట్టు దొరకలేదు. ఏప్రిల్ గాలికి కుడివైపు పెద్దకొమ్మ మొదలంటా విరిగిపోయిందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన సంగతని ఎవరికీ తోచలేదు. ఆమె గీయకుండా మిగిలిన సగం, ఆ సగమే లేదు.

"కొమ్మేమయింది నరసింహులూ?"

"వంటచెరుకయిందండీ. చచ్చెడంత కొమ్మ, నెల్లాళ్ళొచ్చింది."

కనకమ్మకు జాలివేసింది. "పోనిద్దురూ అమ్మగారూ. ఈ పక్కనున్నట్టే ఆ పక్కా గీసెయ్యండి, అద్దంలో చూసినట్టు. మద్రాసోళ్ళేమన్నా వచ్చి చూస్తారా?"

ఎవరూ రారు. ఆ సంగతి భాగ్యవతికీ తెలుసు. అలా గీసి ఉంటే ఈ కథ ఇక్కడితో సుఖంగా ముగిసేది. ఆమె ఏప్రిల్ నాటి కాగితాన్నే అట్ట మీద పెట్టుకుని, కుడివైపున తనకు కనిపించిన దానినే గీసింది: చీలిన చెక్క, వేలాడుతున్న బెరడు, దాని పక్కన కొత్తగా పొడుచుకొస్తున్న రెండు చిగుళ్ళు. వాటి పైన కొమ్మ ఉండవలసిన చోటంతా ఆకాశం. మర్నాడు పదకొండో పాఠాన్నీ, నిండిన పుస్తకాన్నీ నేనే రిజిస్టరు చేసి పంపాను.

జులై తొమ్మిదిన బొమ్మ తిరిగి వచ్చింది. మీద ఎర్ర పెన్సిలు: "ఒకే చెట్టుకు ఒకవైపు కాయలు, మరొకవైపు మోడు ఉండవు. మీరు చూడకుండా ఊహించి గీశారు. మళ్ళీ గీసి పంపితేనే సర్టిఫికెట్."

నేను వెళ్ళేసరికి ఆమె ఆ కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉన్నది. కళ్ళనీళ్ళు లేవు. కోపమూ లేదు. ఆమె ముఖంలో ఉన్నది అవమానం.

"నేను ఊహించానట, చూడండి. ఊహించడం వస్తే ఈ వాకిట్లో కూర్చుని అడవులు గీసేదాన్ని కదా" అన్నది. ఆ కాగితాన్ని పక్కన పెట్టి, "మంచి తెలుగులో మీరొక ఉత్తరం రాసిపెట్టండి టీచరుగారూ. మీరు రాస్తే నమ్ముతారు" అన్నది.

"రాయను. నీ బొమ్మల కింద రాసుకుంటావే, అలా నువ్వే రాయి. నేను దిద్దుతాను" అన్నాను.

ఆమె కార్డు తెచ్చుకుని, గోడకు ఆనుకుని రాసింది:

"అయ్యా, ఎడమవైపు ఏప్రిల్ పదమూడున చూశాను. కుడివైపు జూన్ పదిహేడున చూశాను. మధ్యలో గాలి వచ్చింది, నన్ను వెళ్ళనివ్వలేదు. రెండు రోజులూ చెట్టు ఒక్కటే. అంతకంటె నాకు చూపించలేదు. భాగ్యవతి."

ముప్ఫై నాలుగేళ్ళు పిల్లల రాతలు దిద్దినదాన్ని. ఆ కార్డు మీద నా కలం పెట్టడానికి చోటు దొరకలేదు.

కార్డు వెళ్ళింది, దానితో ఆ బొమ్మా మళ్ళీ వెళ్ళింది. జులై ఇరవై గడిచింది, ఇరవై అయిదు గడిచింది. నేను మా ప్రధానోపాధ్యాయినిని ఇంకొక వారం ఆగమన్నాను. ఆవిడ ఆగారు కూడా. ఆగస్టు ఏడున ఉంగుటూరు నుంచి సువర్ణరాజు అనే ఆయన సర్టిఫికెట్ తీసుకుని వచ్చి చేరాడు. మంచివాడు, పని వచ్చినవాడు. ఆయనను నిందించడానికి ఏమీ లేదు. ఆ కబురు కూడా నేనే చెప్పవలసి వచ్చింది. భాగ్యవతి విని, "కాఫీ తాగి వెళ్ళండి" అన్నది. స్టవ్ వెలిగించడానికి మూడు అగ్గిపుల్లలు పట్టాయి.

సర్టిఫికెట్ ఆగస్టు పంతొమ్మిదిన వచ్చింది. దానితోపాటు ఆ చెట్టు బొమ్మ ఉన్నది. ఎర్ర వాక్యాలను ఆ ఎర్ర పెన్సిలుతోనే అడ్డంగా కొట్టివేసి, కింద మార్కులు వేశారు: నూటికి తొంభై ఒకటి.

శేషగిరిరావుగారు సంతోషించారు. అది కపటం కాదు. "మా కోడలు మద్రాసు నుంచి పాసయింది" అని బజారంతా చెప్పుకున్నారు. "వచ్చే ఏడు మళ్ళీ ఖాళీ వస్తే చూద్దాంలే అమ్మా" అని ఓదార్చారు. సర్టిఫికెట్‌కు టేకు ఫ్రేము కట్టించి, నలుగురూ చూసేచోట ఉండాలని దుకాణంలో తగిలించారు.

ఆ శనివారం నేను వెళితే, భాగ్యవతి గుమ్మం దగ్గరే నిలబెట్టి అడిగింది.

"మీరు దుకాణం ముందునుంచే వచ్చారా?"

"అవును."

"ఏ గోడకు పెట్టారండీ?"

"గల్లాపెట్టె వెనుక గోడకు. గడియారం పక్కన."

"ఎత్తుగానా?"

"బాగానే ఎత్తు. వీధిలో నిలబడితే కనిపిస్తుంది."

ఆమె కొట్టు వైపు ఒకసారి చూసింది. తలుపు ఓరగా తెరిచే ఉన్నది. అవతల హమాలీలు గట్టిగా ఏదో అనుకుని నవ్వుకుంటున్నారు.

"నా పేరు చదవడానికి వస్తోందా?"

"కళ్ళజోడు లేకుండానే చదివాను" అన్నాను.

అది నిజం కాదు. వీధిలోంచి ఫ్రేము మాత్రమే కనిపిస్తుంది.